కంప్యూటరు మార్చాలా, వ్యవస్థ మార్చాలా?

గత అక్టోబరు మాసం మొదలుకొని మాకు అందుతున్న ఉత్తరాలలోనూ, ఫోను పలకరింపులలోనూ ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తూ ఉంది. నెల్లూరు నుండి ఒక తండ్రి వ్రాశారు: "అమ్మాయి డిగ్రీ చదువుతున్నది. కంప్యూటరు బాగానే పని చేస్తున్నది. కానీ తెర మీద ఒక పలక వచ్చి, దీనికి కాలం చెల్లింది, కొత్తది తీసుకోండి అని చెబుతున్నది. నలభై వేలు ఎక్కడి నుండి తేవాలి?" నిజామాబాదులో కుట్టుపని కేంద్రం నడుపుకునే ఒక సోదరి, కర్నూలులో పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు ఇదే సంగతి వేరే మాటలలో అడిగారు.

ఈ శీర్షిక కింద ఇన్నాళ్ళు పెండ్లి ఖర్చులు, వారసత్వపు వాటాలు, పిల్లల చదువుల వంటివి ముచ్చటించుకున్నాము. మదరసాలో పాఠాలు చెప్పుకునేవారు కంప్యూటర్ల గురించి వ్రాయడమేమిటని నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు. అయితే ఇంటి నుండి నలభై వేల రూపాయలు బయటికి పోయే ప్రతి సంగతీ కుటుంబ విషయమే. పైగా ఈ ప్రశ్న మా మదరసా గడప కూడా తొక్కింది. అక్కడ మాకు ఎదురైన అనుభవమే ఈ మాసం మీ ముందుంచుతున్నాము.

మొదట జరిగింది ఏమిటో తెలుసుకుందాము. కంప్యూటరు అనే యంత్రం ఒకటి, దానిని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ మరొకటి. మన దేశంలో ఎక్కువ ఇళ్ళలో ఉన్నది మైక్రోసాఫ్ట్ సంస్థ వారి విండోస్. అందులో పదవ రూపం 2015 జూలై 29న వెలువడింది. 2025 అక్టోబరు 14తో దానికి ఉచితంగా చేస్తూ వచ్చిన భద్రతా మరమ్మతులను ఆ సంస్థ నిలిపివేసింది. జరిగింది ఇంతే. మరునాడు ఉదయం ఏ కంప్యూటరూ ఆగిపోలేదు. వ్రాసుకున్నవి చెరిగిపోలేదు.

మరి దిగులెందుకు అంటారా? వీధిలో తాళాలు బాగుచేసే మనిషి దుకాణం ఎత్తేసి వెళ్ళిపోయాడనుకోండి. మీ తలుపుకున్న తాళం నిన్నటి లాగానే పడుతుంది. కానీ ఆ రకం తాళాన్ని తెరిచే కొత్త ఉపాయం ఒకటి దొంగలు కనిపెట్టిన నాడు, దానికి విరుగుడు చేసేవారు ఎవరూ ఉండరు. 2017 మే మాసంలో 'వన్నాక్రై' అనే పీడ ఇలాగే వచ్చింది. అది సోకిన కంప్యూటర్లలోని దస్త్రాలు తాళం పడిపోయి, డబ్బు కడితేనే విప్పుతామనే బెదిరింపు తెర మీద కనిపించేది. బ్రిటనులో కొన్ని ఆసుపత్రులు రోగులను తిప్పి పంపవలసి వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని వాత పడ్డాయి. గమనించవలసినది ఏమిటంటే, ఆ లోపానికి మరమ్మతు అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. వేసుకున్నవారు బయటపడ్డారు. వేసుకోనివారు చిక్కుకున్నారు. ఇక మీదట విండోస్ 10 వాడేవారికి, ప్రత్యేక పథకంలో చేరితే తప్ప, వేసుకుందామన్నా మరమ్మతు ఉండదు. కనుక పలక చెప్పినది అబద్ధం కాదు. అయితే అది చెప్పిన మందు, అంటే కొత్త యంత్రం కొనడం, ఒక్కటే మందు కాదు.

మా మదరసాలో ఆరు కంప్యూటర్లున్నాయి. కార్యాలయంలో మున్షీ సాహెబ్ ముందు ఒకటి, 2014లో కొన్నది. లెక్కల గదిలో ఒకటి, 2019 నాటిది. పిల్లలు టైపు నేర్చుకునే గదిలో నాలుగు. ఇవి నగరంలోని ఒక కార్యాలయం వారు తాము వాడి తీసివేసిన తర్వాత విరాళంగా ఇచ్చినవి. అక్టోబరు చివరిలో హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మేనల్లుడు సెలవు మీద వచ్చాడు. "చూసి చెప్పు నాయనా, ఏమి చేయాలో" అని అతనికి అప్పగించాము.

విండోస్ 11కు మారాలంటే యంత్రానికి కొన్ని అర్హతలుండాలి. నాలుగు జీబీ ర్యామ్, అరవై నాలుగు జీబీ నిల్వ చోటు ఉండడం పెద్ద షరతు కాదు. చిక్కంతా టీపీఎం 2.0 అనే ఏర్పాటు దగ్గర వస్తుంది. కంప్యూటరు లోపల రహస్య తాళపు చెవులను భద్రపరచే గూడు అది. దీనికి తోడు, ఇంటెల్ ప్రాసెసరు అయితే బహుకొద్ది మినహాయింపులతో ఎనిమిదవ తరం లేక ఆపైది కావాలి. మీ యంత్రానికి అర్హత ఉన్నదో లేదో మైక్రోసాఫ్ట్ వారి 'పీసీ హెల్త్ చెక్' అనే ఉచిత సాధనం చెబుతుంది.

లెక్కల గదిలోని కంప్యూటరును పరీక్షిస్తే "అర్హత లేదు" అని వచ్చింది. మేము అప్పుడే పెదవి విరిచాము. మేనల్లుడు మాత్రం దానిని ఆపి మళ్ళీ వెలిగించి, అది మొదలయ్యే లోపే ఏదో మీట నొక్కి లోపలి అమరికలు తెరిచి చూశాడు. టీపీఎం ఉన్నది, కానీ ఆపి ఉంచారు! దానిని వెలిగించగానే "అర్హత ఉంది" అని వచ్చింది. అందులోని విండోస్ 10 అసలైనది కనుక పైసా ఖర్చు లేకుండా పదకొండుకు మారింది. పలక చూసి భయపడి యంత్రాన్ని అమ్మివేసేవారు ముందు ఈ ఒక్క సంగతి తెలిసినవారి చేత చూపించుకోవాలి.

మిగిలిన అయిదింటికీ నిజంగానే అర్హత లేదు. అయితే వాటిని చూస్తున్నప్పుడు మేము ఎదురుచూడని సంగతి బయటపడింది. పిల్లల గదిలో నాలుగో కంప్యూటరు ముందు కూర్చున్న మేనల్లుడు కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "మామూ, ఈ నాలుగింటిలో ఉన్న విండోస్ కొన్నది కాదు, తాళం పగలగొట్టి వేసినది" అన్నాడు.

"ఎవరు వేశారు?" అని అడిగాము, అడుగుతూనే సమాధానం ఎక్కడున్నదో మాకు తోచింది. 2018 నాటి వోచర్ల కట్ట విప్పించాము. బజారులోని ఒక దుకాణం రసీదు దొరికింది: విండోస్ వేసినందుకు, ఒక్కొక్క దానికి 400, నాలుగింటికి 1,600. కింద మా సంతకం. అసలు విండోస్ ధర వేలల్లో ఉంటుందని మాకు అప్పుడు తెలియదు. తెలియదన్న మాట నిజమే. కానీ నాలుగు వందలకు ఎలా వచ్చిందని మేము అడగనూ లేదు. అదే గదిలో ఏడేళ్ళుగా పిల్లలకు అమానతు గురించి పాఠం చెబుతున్నాము.

ఈ సంగతి కమిటీ ముందు పెట్టినప్పుడు కోశాధికారి గారు, "మౌలానా, ఊరంతా వాడుతున్నది అదే. పెద్ద కంపెనీకి మన నాలుగు కంప్యూటర్ల వల్ల పోయేదేమిటి?" అన్నారు. ఆయన దుర్బుద్ధితో అనలేదు. దాతల సొమ్ము ఆదా చేయాలన్న తపనతో అన్నారు. ఈ విషయంలో పండితులు ఏనాడో ఆలోచించారు. అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్హ్ అకాడమీ 1988లో కువైట్‌లో జరిగిన సమావేశంలో రచనలు, ఆవిష్కరణలు, వాణిజ్య నామాల మీద వాటి యజమానులకున్న హక్కులు ధర్మసమ్మతంగా రక్షణ పొందినవనీ, వాటిని అతిక్రమించరాదనీ తీర్మానించింది. యజమాని పెద్ద కంపెనీయా, చిన్న రచయితయా అన్న తేడా అందులో లేదు. కోశాధికారి గారు విన్నారు, కాసేపు ఊరకుండి, "అయితే నాలుగు కొత్తవి కొనాలి, లేదా గది మూసివేయాలి" అన్నారు.

కొత్తవి నాలుగు అంటే లక్షా ఇరవై వేలకు తగ్గవు. మా మదరసాలో అది హిఫ్జ్ తరగతి ఉపాధ్యాయుని ఏడాది జీతం. గది మూసివేస్తే, తండ్రి ఆటో నడుపుకునే, తల్లి బీడీలు చుట్టే ఇరవై ముగ్గురు పిల్లలకు కంప్యూటరు మీద చేయి పెట్టే చోటు మరొకటి లేదు. బజారులోని ఆ దుకాణం వారిని అడిగితే, "అర్హత పరీక్షను దాటించి విండోస్ 11 ఎక్కిస్తాము, ఆరు వందలు" అన్నారు. అలా దాటించే ఉపాయాలు ఉన్న మాట నిజమే. కానీ ఆ విధంగా ఎక్కించిన యంత్రాలకు ముందు ముందు మరమ్మతులు అందుతాయని హామీ ఇవ్వలేమని మైక్రోసాఫ్ట్ వారే చెబుతున్నారు. మరమ్మతుల కొరకే మారుతూ, మరమ్మతులకు హామీ లేని దారి పట్టడమెందుకు? పైగా అదీ పగిలిన తాళమే.

ఇక్కడ ఇళ్ళలో వాడుకునేవారికి ఒక వెసులుబాటు చెప్పాలి. విండోస్ 10 వాడుతున్న ఇంటివారికి మరొక ఏడాది, అంటే 2026 అక్టోబరు 13 వరకు, భద్రతా మరమ్మతులు పొందే పథకం ఉన్నది. సెట్టింగులలోని అప్‌డేట్ పుటలో దానికి చేరే మార్గం కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళ్ళి, కంప్యూటరు అమరికలను ఆ ఖాతాలో భద్రపరచుకోవడానికి ఒప్పుకుంటే సొమ్ము కట్టనక్కర లేదు. లేదంటే ముప్పై డాలర్లు కట్టవచ్చు. అయితే ఇది సొంత వాడకానికి మాత్రమే. సంస్థలకు వేరే పథకం: యంత్రం ఒక్కింటికి మొదటి ఏడాది 61 డాలర్లు, ఆ తర్వాత ప్రతి యేటా రెట్టింపు. విద్యా లైసెన్సులున్న సంస్థలకు ధర నామమాత్రమే కానీ మాకు ఆ లైసెన్సు లేదు. పైగా పథకం ఏదైనా అసలైన విండోస్ ఉన్నవారికే.

అప్పుడు మేనల్లుడు లైనక్స్ మాట ఎత్తాడు. ఫిన్లాండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టి, లోకానికి ఉచితంగా విడిచిపెట్టిన పని అది. ఆ తర్వాత వేలాది మంది దానికి చేయి వేశారు. దాని మీద కట్టిన ఆపరేటింగ్ సిస్టములు అనేకం. ఉబుంటు, లైనక్స్ మింట్ వాటిలో పేరున్నవి. మన ప్రభుత్వ సంస్థ సీ-డాక్ వారు తయారు చేసిన 'బాస్' కూడా ఆ కుదురుదే. వీటిని ఎవరైనా తెచ్చుకోవచ్చు, పంచవచ్చు, ఎన్ని యంత్రాలలోనైనా వేసుకోవచ్చు. తాళం పగలగొట్టడం లేదు, ఎందుకంటే యజమానులే తలుపు తెరిచి పెట్టారు.

"ఉచితమైతే ఇన్నాళ్ళు ఎవరూ ఎందుకు వాడలేదు?" అని కోశాధికారి గారు అనుమానించారు. వాడుతున్నారు. కేరళలో ప్రభుత్వ పాఠశాలల పిల్లలు ఏళ్ళ తరబడి లైనక్స్ మీదనే నేర్చుకుంటున్నారు, పదవ తరగతి ఐటీ పరీక్ష కూడా దాని మీదనే. అయితే మేము వెనుకాడిన ఉదాహరణ కూడా ఉన్నది. జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో లైనక్స్‌కు మారాలని నిర్ణయించి, పదేళ్ళు శ్రమించి వేలాది కంప్యూటర్లు మార్చింది. చివరకు 2017లో తిరిగి విండోస్‌కే వెళ్ళాలని తీర్మానించింది. పిల్లలు కొత్తగా నేర్చుకునే చోట నిలబడిన మార్పు, ఏళ్ళ తరబడి ఒక తీరున పని చేసిన కార్యాలయంలో తిరగబడింది. యంత్రాల సంగతి ఎలా ఉన్నా దాని ముందు కూర్చునే మనిషిని చూసి నిర్ణయించాలని ఆ రెండింటి నుండి మాకు తోచింది.

ఒక శుక్రవారం జుమా నమాజు తర్వాత పరీక్ష మొదలైంది. లైనక్స్‌లో మాకు బాగా నచ్చిన గుణం ఇది: యంత్రంలోని దేనినీ ముట్టకుండా, పెన్ డ్రైవు నుండి నడిపి చూడవచ్చు. నచ్చకపోతే పెన్ డ్రైవు తీసివేస్తే చాలు, పాత విండోస్ ఎప్పటి లాగానే లేస్తుంది. మూడు యంత్రాలలో మింట్ చక్కగా లేచింది. నాలుగో దానిలో వైఫై పరికరాన్ని అది గుర్తించలేదు. కేబులు వేసి సర్దుకున్నాము. ప్రింటరు ఒకటి మొండికేసింది, రెండు వారాల పాటు అతను ఫోనులో చెబుతూ, ఇక్కడ పెద్ద తరగతి విద్యార్థి ఒకడు చేస్తూ ఉంటే చివరకు దారికి వచ్చింది. తెలుగు టైపుకు ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, ఆర్‌టీఎస్ అమరికలు మూడూ అందులో దొరికాయి. ఉర్దూకు ఫొనెటిక్ అమరిక ఉన్నది, నస్తలీఖ్ లిపి ఫాంటు వేస్తే అక్షరం కంటికి ఇంపుగానే కనిపించింది. యంత్రాలు మాత్రం మందంగా నడిచాయి. పాత హార్డ్ డిస్కులు తీసి చిన్న ఎస్ఎస్‌డీలు వేయించాము. ఒక్కొక్కటి 1,650 రూపాయలు. ఆ తర్వాత, మీట నొక్కి పిల్లలు బిస్మిల్లాహ్ అని కూర్చునే లోపే తెర సిద్ధమవుతున్నది. లక్షా ఇరవై వేల లెక్క 6,600 దగ్గర ఆగింది.

పిల్లలకు మార్పు అయిందన్న స్పృహ కూడా లేదు. గుర్తులు వేరే చోట ఉన్నాయి, అంతే. గంటలో వెతుక్కున్నారు.

మున్షీ సాహెబ్ సంగతి వేరు. ఆయన వయసు యాభై ఎనిమిది. పదిహేడేళ్ళుగా మా మదరసా ప్రశ్నాపత్రాలు, సనదులు, రమజాన్ విజ్ఞప్తి పత్రాలు, కమిటీ తీర్మానాలు అన్నీ ఆయన చేతి మీదుగా వెళ్ళాయి. ఉర్దూ ఇన్‌పేజ్‌లో, తెలుగు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో. ఈ రెండూ ఆయన విండోస్ మీదనే నడిపినవి. ఆయన యంత్రంలోని విండోస్ కంప్యూటరుతో పాటు వచ్చినదే, ఇన్‌పేజ్ ఒక దాత కొని ఇచ్చినది, రసీదుంది. అర్హత లేనిది ఆ యంత్రానికే. మేనల్లుడు దాని ముందు పెన్ డ్రైవు పెట్టినప్పుడు మున్షీ సాహెబ్ ఏమీ అనలేదు. కుర్చీలో నుండి లేచి అతనికి చోటిచ్చి, కిటికీ దగ్గర నిలబడ్డారు. సాయంత్రం అసర్ తర్వాత మా దగ్గరకు వచ్చి, "మౌలానా, షాబాన్ పరీక్షల పత్రాలు అయ్యేదాకా ఆగండి. ఆ తర్వాత మీరు కొత్త కుర్రవాడిని పెట్టుకున్నా నేనేమీ అనుకోను" అన్నారు.

ఆ మాట మాకు నిద్ర లేకుండా చేసింది. కంప్యూటర్ల సంగతి తేల్చడానికి కూర్చున్న మేము, ఒక మనిషి జీవనోపాధి మీద కూర్చుని తీర్పు చెబుతున్నామని అప్పటిదాకా గ్రహించలేదు. ఇంటిలోనైనా ఇంతే. తండ్రి చిట్టా వ్రాసుకునే కంప్యూటరును కొడుకు ఒక రాత్రి మార్చివేసి, "అంతా తేలికే అబ్బా" అంటాడు. తేలిక ఎవరికి?

మరునాడు మున్షీ సాహెబ్‌ను కూర్చోబెట్టుకుని, మీ కుర్చీ మీదే, ఏది ఎప్పుడు మార్చాలో మీరే చెప్పండి అన్నాము. ఆయన చెప్పిన దానిలో మా మేనల్లునికి కూడా తోచని సంగతి ఉన్నది. "మారడం నాకు కష్టమే కానీ చేతనవుతుంది. ఇదిగో, వీటిని ఏమి చేస్తారు?" అని ఒక అర చూపించారు: 2009 నుండి తయారైన దస్త్రాలు, రెండు వేలకు పైగా.

అను ఫాంట్లలో వ్రాసిన తెలుగు చూడడానికి తెలుగే కానీ కంప్యూటరు లోపల అది తెలుగుగా ఉండదు. ఇంగ్లీషు అక్షరాల గూళ్ళలో తెలుగు బొమ్మలు పెట్టి నడిపిన కాలపు పద్ధతి అది. ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే కొమ్ములూ తోకలూ ఉన్న పరదేశపు అక్షరాలు వరసలుగా కనిపిస్తాయి. యూనికోడ్‌లో వ్రాసినది అలా కాదు. విండోస్ అయినా, లైనక్స్ అయినా, చేతిలోని ఫోను అయినా తెలుగు తెలుగుగానే తెరుచుకుంటుంది. ఇన్‌పేజ్ పాత రూపాలదీ ఇదే బాధ. అంటే మమ్మల్ని కట్టిపడవేసింది విండోస్ కాదు, మేము ఇన్నేళ్ళు మా వ్రాతలను దాచిన పెట్టె. ఆ పెట్టెకు తాళం చెవి ఈ యంత్రం ఒక్కదానిలోనే ఉన్నది. అది ఒక మధ్యాహ్నం కాలిపోతే?

ఆ దస్త్రాలలో మా పెద్ద ఉస్తాద్ గారి ఫరాయిజ్ పాఠాలున్నాయి. వారసత్వపు వాటాలను తెలుగు పిల్లలకు అర్థమయ్యేలా, మన ఇళ్ళలో ఎదురయ్యే లెక్కలతో ఆయన చెబుతూ ఉంటే మున్షీ సాహెబ్ టైపు చేశారు. నూట నలభై పుటలు. ఉస్తాద్ గారు 2016లో దైవసన్నిధికి చేరుకున్నారు. అచ్చు వేయించాలని అనుకుంటూనే ఉన్నాము. అచ్చు తీసిన కాగితపు ప్రతి ఒక్కటే ఉన్నది.

కనుక మేము చేసిన ఏర్పాటు ఇది. పిల్లల గదిలో నాలుగూ మింట్‌కు మారాయి. లెక్కల గదిలోది విండోస్ 11, ఎందుకంటే అక్కడ ట్యాలీ ఉన్నది, అది విండోస్ మీద నడిచేది. మున్షీ సాహెబ్ యంత్రం విండోస్ 10 తోనే ఉంచాము కానీ ఇంటర్నెట్ కేబులు పీకివేసి, పెన్ డ్రైవులు పెట్టడం ఆపించాము. దస్త్రాలు మోసుకు రావడానికి ఒక్క పెన్ డ్రైవును మాత్రం కేటాయించి, మింట్ యంత్రంలో శుభ్రం చేసిన తర్వాతనే దానిలో పెట్టాలన్న నియమం విధించాము. మొత్తం దస్త్రాల నకళ్ళు రెండు హార్డ్ డిస్కులలో తీసి, ఒకటి కోశాధికారి గారి ఇంటిలో ఉంచాము. షాబాన్ పరీక్షల పత్రాలు ఎప్పటి లాగానే ఇన్‌పేజ్‌లో తయారయ్యాయి. రమజాన్ సెలవులు మొదలైన తర్వాతే మున్షీ సాహెబ్ పిల్లల గదిలో కూర్చుని కొత్త దానిలో చేయి తిప్పడం మొదలుపెట్టారు. ఉర్దూ ప్రశ్నాపత్రానికి అది చాలునని ఆయన తీర్పు. సనదుల సొగసుకు మాత్రం ఇన్‌పేజ్‌కు సాటి రాదట. ఆ మాట మేము కాదనము.

ఇక వ్రాసిన పాఠకుల సంగతి. నెల్లూరు సోదరునికి: అమ్మాయి ట్యాలీ, ఆఫీసు నేర్చుకుంటున్నదని వ్రాశారు కనుక విండోస్‌లోనే ఉండనివ్వండి. ముందుగా టీపీఎం ఆపి ఉన్నదేమో చూపించుకోండి. అర్హత నిజంగా లేకుంటే పైన చెప్పిన ఏడాది పథకంలో చేరి, అక్టోబరులోగా డబ్బు కూడబెట్టుకోండి. ఇంటి నుండి పరీక్షలు వ్రాయించే సాఫ్ట్‌వేర్లు కూడా చాలావరకు లైనక్స్‌లో నడవవు. నిజామాబాదు సోదరికి: మీ ఎంబ్రాయిడరీ యంత్రానికి నమూనాలు పంపే సాఫ్ట్‌వేర్ దేనిలో నడుస్తుందో అమ్మినవారిని అడిగే దాకా దేనినీ ముట్టకండి. మార్చవలసిన అవసరం మీకు లేకపోవచ్చు, ఇంటర్నెట్ తీసివేస్తే చాలును. కర్నూలు ఉపాధ్యాయుల వారు చదివేది వార్తాపత్రికలు, చూసేది మనవళ్ళను వీడియోలో, కట్టేది కరెంటు బిల్లు. ఇవన్నీ బ్రౌజరులో నడిచేవే కనుక లైనక్స్ వారికి చక్కగా సరిపోతుంది. పెన్ డ్రైవుతో వారం రోజులు నడిపి చూసి, ఆ తర్వాతే నిశ్చయించుకోవాలి. ఎవరైనా సరే, ఏ మార్పుకైనా ముందు ఫొటోలు, సర్టిఫికెట్లు, లెక్కలు వేరే డిస్కులోకి నకలు తీసి, ఆ నకలు తెరుచుకుంటున్నదో లేదో మరో యంత్రంలో చూసుకోవాలి. తీశాము అనుకోవడం వేరు, తెరిచి చూడడం వేరు.

ఫరాయిజ్ పాఠాలను యూనికోడ్‌లోకి మార్చే పని షవ్వాల్ రెండవ వారంలో మొదలైంది. మార్చే సాధనాలున్నాయి, నూట నలభై పుటలూ నిమిషంలో తెలుగై కూర్చున్నాయి. కానీ వత్తులు కొన్ని జారిపోయాయి. అంతకన్నా పెద్ద చిక్కు భిన్నాలది: ఆరవ వంతు, ఎనిమిదవ వంతు అని అంకెలలో వేసిన చోట్ల కొన్ని ఏవేవో అక్షరాలుగా మారాయి. కథల పుస్తకమైతే పాఠకుడు సర్దుకుంటాడు. ఇది ఒక తల్లికి, ఒక కూతురికి ఎంత దక్కాలో చెప్పే పుస్తకం. కనుక ప్రతి పంక్తినీ కాగితపు ప్రతితో పోల్చి చూస్తున్నారు. అసర్ తర్వాత గంటసేపు మున్షీ సాహెబ్ పాత కాగితాలు చేతబట్టుకుని పైకి చదువుతారు, ప్రింటరును దారికి తెచ్చిన ఆ విద్యార్థే మింట్ తెర మీద దిద్దుతాడు. నిన్నటికి తొంభై ఆరవ పుట అయింది.